బాయి మారింది, బలం ఎటు పోయింది?

(మఖ్దూం మొహియుద్దీన్ స్మారక ఉపన్యాసం)



మఖ్దూం పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా ముందు కవిత్వం వైపే వెళతారు. వెళ్లడం న్యాయమే. 1944లో 'సుర్ఖ్ సవేరా' వెలువరించిన కవి, 'బిసాతె రక్స్'కు సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి ఆయన. అయితే సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసిన తర్వాత ఆయన ఎక్కువ కాలం గడిపింది ముషాయిరాల్లో కాదు, కార్మికుల మధ్య. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నాయకుల్లో ఆయన ముందువరసవాడు. నిజాం రాజ్యంలో యూనియన్ పెట్టడమంటే జైలుకో అజ్ఞాతానికో సిద్ధపడటమే. రెండూ ఆయన చూశారు. ఆ తర్వాత హుజూర్‌నగర్ నుంచి శాసనసభకూ వెళ్లారు. పనిచోటు నుంచి చట్టసభ దాకా ఆ దారంతా నడిచిన మనిషి పేరిట, ఆ దారి గురించే మాట్లాడాలనుకున్నాను. పని మారితే కార్మికుడి రాజకీయం ఎట్లా మారుతుంది? ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన దగ్గర ఒక తయారు జవాబు ఉంది. ప్రతి మేడే సభలో వింటాం. ఇప్పటి కార్మికులకు చైతన్యం లేదు, జీతాలు పెరిగాక జెండా బరువైపోయింది, వాట్సాప్‌లో తప్ప రోడ్డు మీద కనబడరు అని. ఈ మాట అనేవాళ్లలో చాలామంది నేను గౌరవించే పెద్దలే. కానీ ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. నాన్న సమ్మె చేశాడు, కొడుకు చేయడం లేదు అంటే కొడుకు గుణం తక్కువైందని కాదు. నాన్న చేసిన పని వేరు, కొడుకు చేస్తున్న పని వేరు. మనుషుల్ని నిందించే ముందు పనిని చూడాలి.

పనిని చూడటానికి నేను మూడు ప్రశ్నలు పెట్టుకుంటాను. పనిలో కార్మికుడు ఎవరెవర్ని కలుస్తాడు? అతను పని ఆపితే ఏది ఆగిపోతుంది? ఏదైనా అడగాలంటే ఎవర్ని అడగాలి? కలిసే చోటు, ఆపే శక్తి, జవాబు చెప్పాల్సిన మనిషి. ఈ మూడూ ఉన్నచోట రాజకీయం దానంతటదే లేస్తుంది. మూడింట్లో ఏది జారిపోయినా రాజకీయం చావదు, వేరే గడప వెతుక్కుంటుంది. ఇది చెప్పడానికి సింగరేణి బొగ్గు గనుల కంటే మంచి ఉదాహరణ మనకు లేదు.

తట్టా చెమ్మస్ కాలం

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టర్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలు. యజమానులు ఇన్నిసార్లు మారినా, భూమి లోపల పని మాత్రం చాలా దశాబ్దాల పాటు ఒకేలా సాగింది.

ఆ పనిని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. మస్టర్, అంటే హాజరు, పడిన తర్వాత ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుని గుంపుగా బాయి (గని) దిగుతారు. లోపల గ్యాలరీలు తవ్వుకుంటూ, పైకప్పు కూలకుండా మధ్యలో బొగ్గు స్తంభాలు వదులుకుంటూ పోతారు. బొగ్గు గోడకు రంధ్రాలు వేసి మందు పెట్టి పేలుస్తారు. పొగ తగ్గాక సర్దార్ వెళ్లి కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే పని మొదలు. బోలుగా మోగితే ముందు పైకప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టాలి. ఆ తర్వాత బొగ్గు నింపే ఫిల్లర్లు తట్ట, చెమ్మస్ (పార) పట్టుకుని దిగుతారు. ఒక్కో టబ్బులో సుమారు టన్ను బొగ్గు పడుతుంది. నిండిన టబ్బుల్ని రోప్ హాలేజీ పైకి లాగుతుంది.

ఇందులో రాజకీయం ఎక్కడుంది? చప్పుడు వినేది సర్దార్ ఒక్కడే కాదు. పక్కన నిలబడ్డ పదిమంది ఫిల్లర్లు కూడా వింటారు. ఓవర్‌మన్ 'ఏం కాదు, దిగండి' అంటే, 'దిగం' అనే మాట అక్కడే, అప్పుడే, అందరి నోటా ఒక్కసారి వస్తుంది. ఈ 'దిగం' అనడానికి ఎవరూ తీర్మానం చేయనక్కర్లేదు, జెండా ఎగరేయనక్కర్లేదు. పక్కవాడి ప్రాణం మీద తన ప్రాణం ఆధారపడ్డచోట మనుషులు ఒకరి మాట ఒకరు నమ్ముతారు. పైగా గ్యాలరీలు ఎటుపడితే అటు విస్తరించి ఉంటాయి. ఓవర్‌మన్ ఒక్కో పనిచోటుకు షిఫ్టులో ఏ కాసేపో వచ్చి పోతాడు. మిగతా సమయమంతా అది కార్మికుల రాజ్యం. ధరల నుంచి ఎన్నికల దాకా అన్ని మాటలూ ఆ చీకట్లోనే నడిచేవి.

ఇక ఆపే శక్తి. టబ్బులు రాకపోతే ఫిల్లర్‌కు నింపడానికి పని లేదు, నింపకపోతే కూలి తగ్గుతుంది. హాలేజీ ఆగితే ఫిల్లర్ ఆగుతాడు, ఫిల్లర్ ఆగితే హాలేజీ ఆగుతుంది. ఒక చిన్న తగాదా గంటలో మొత్తం బాయిని ఆపేయగలదు. రాజకీయ శాస్త్రవేత్త తిమోతీ మిచెల్ 2011లో రాసిన 'కార్బన్ డెమోక్రసీ'లో ఐరోపా గురించి ఇదే చెప్పాడు. గని నుంచి రైలు మీదుగా ఓడరేవు దాకా బొగ్గు ఇరుకు దారుల్లో, వేల చేతుల మీదుగా పోయేది కాబట్టి ఆ చేతులకు దేశాన్ని ఆపే శక్తి వచ్చిందనీ, ఓటు హక్కూ సంక్షేమమూ ఆ శక్తితో వచ్చాయనీ, పైపులైన్లలో పోయే చమురు ఆ శక్తిని తగ్గించిందనీ ఆయన వాదన. మన రామగుండం, కొత్తగూడెం విద్యుత్ కేంద్రాలకు పోయే బొగ్గుకూ ఇది వర్తిస్తుంది.

మూడోది, జవాబు చెప్పాల్సిన మనిషి. మేనేజర్ ఆఫీసు బాయి పక్కనే. కూలి లెక్క తప్పినా, క్వార్టర్ దొరక్కపోయినా, దెబ్బ తగిలినవాణ్ణి ఆలస్యంగా ఆసుపత్రికి పంపినా అడగడానికి తలుపు ఎదురుగా ఉంది. ఆ తలుపు తట్టేవాడు యూనియన్ పిట్ సెక్రటరీ. అతనూ అదే షిఫ్టులో తట్ట మోసినవాడే.

సమ్మెల దశాబ్దం

ఈ మూడూ కలిసిన ఫలితం 1980ల్లో కనిపించింది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు దొరల గడీల మీద కోపాన్ని వెంటబెట్టుకునే బాయి దిగారు. ఒక్క రోజు చట్టవిరుద్ధ సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధనకు వ్యతిరేకంగా 1981లో 56 రోజుల సమ్మె జరిగింది. ఆ ఏడే సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, పుట్టింది. పెద్ద యూనియన్లు హైదరాబాద్‌లో చర్చలు జరుపుతుంటే, సికాస బాయి దగ్గర, కాలనీలో, సారా దుకాణం ముందు మాట్లాడింది. 1990ల తొలి ఏళ్లలో సింగరేణిలో ఏడాదికి వందల సమ్మెలు జరిగాయి.

ఆ కాలాన్ని బంగారంతో పూత పూయడం నా ఉద్దేశం కాదు. సొంత పంచాయితీలకు కూడా బాయి ఆపిన సందర్భాలున్నాయి. యూనియన్లు డజన్ల లెక్కన పుట్టి ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పోలీసుల వైపూ నక్సలైట్ల వైపూ తుపాకీ మాట్లాడింది, ఎందరో పిల్లలు తండ్రుల్ని పోగొట్టుకున్నారు. కంపెనీ నష్టాలతో ఖాయిలా పరిశ్రమల వ్యవహారం చూసే బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లింది. కార్మికులు మాట్లాడే విధానం మారాలని అందరూ ఒప్పుకున్న రోజులవి. అయితే ఆ మార్పును ఎవరు ఏ రూపంలో తెచ్చారన్నదే తర్వాతి కథ.

బ్యాలెట్, యంత్రం, పైరవీ

1998లో యాజమాన్యంతో చర్చలు జరిపే గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే పద్ధతి మొదలైంది. సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ మొదట గెలిచింది. 2003లో కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ, 2012లోనూ 2017లోనూ టీఆర్ఎస్ అనుబంధ టీబీజీకేఎస్, 2023 డిసెంబర్ 27న తిరిగి ఏఐటీయూసీ. దేశంలో చాలా ప్రభుత్వ రంగ సంస్థల్లో లేని ప్రజాస్వామ్యం ఇది. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. యజమాని ఎవరికి నచ్చితే వాళ్లతో చర్చలు జరిపే పద్ధతి కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

కానీ అదే కాలంలో పని మారిపోయింది. తట్ట, చెమ్మస్ పోయి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. లాంగ్‌వాల్ వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. 1990ల తొలి రోజుల్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అప్పుడు ఏడాదికి దాదాపు 1.8 కోట్ల టన్నులు తవ్వితే, 2023-24లో 7 కోట్ల టన్నులు తవ్వారు. అందులో తొంభై శాతం దాకా ఓపెన్‌కాస్టుల నుంచే. సగానికంటే తక్కువ మంది, నాలుగింతల బొగ్గు.

ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్ రోజు ఎట్లా గడుస్తుందో చూడండి. ఎత్తైన క్యాబిన్‌లో ఒక్కడే కూర్చుంటాడు. షావెల్ దగ్గర నింపించుకుని, డంప్ దగ్గర ఒంపి, మళ్లీ వస్తాడు. ఎనిమిది గంటలూ అతనితో మాట్లాడేది వాకీటాకీ. ఆ మాట అందరికీ వినబడుతుంది కాబట్టి మనసులో మాట అందులో రాదు. పక్క డంపర్‌లో ఉన్నవాడు చేయి ఊపుతాడు, అంతే. జీతం బాగుంది, చెమట తక్కువ, పైకప్పు కూలే భయం లేదు. ఇవి నిజమైన లాభాలు. అయితే బోలు చప్పుడు విని పదిమంది ఒక్కసారిగా 'దిగం' అనే క్షణం అతని పనిలో ఎక్కడా లేదు.

కలిసే చోటు చెదిరాక రాజకీయం ఎటు పోయింది? కొంత ఇంట్లోకి పోయింది. సర్ఫేస్‌లో పని, క్వార్టర్, బదిలీ, మెడికల్ బోర్డు, కొడుకు ఉద్యోగం. ఇవన్నీ ఒక్కొక్కరివిగా పరిష్కారమయ్యే పనులు. ఒక్కొక్కరి పనికి కావాల్సింది పైరవీ. పైరవీకి కావాల్సింది పిట్ సెక్రటరీ కాదు, ఎమ్మెల్యేకి ఫోన్ చేయగలిగినవాడు. 2017 ఎన్నికల్లో అన్నిటికంటే పెద్ద మాట వారసత్వ ఉద్యోగాలు. ఆ పథకాన్ని ఆ ఏడాది మార్చిలో హైకోర్టు కొట్టేసింది. తర్వాత మెడికల్ అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకాల రూపంలో వచ్చింది. తన ఆరోగ్యం పాడైందని నిరూపించుకుంటేనే కొడుక్కి కొలువు అనే పరిస్థితిలో ఉన్న తండ్రి, పని భద్రత కోసం కొట్లాడతాడా, మెడికల్ బోర్డు తేదీ కోసం తిరుగుతాడా? అతణ్ణి స్వార్థపరుడనడం తేలిక. అతనికి దొరికిన ఒకే ఒక్క తలుపును అతను తడుతున్నాడు.

ఆపే శక్తి చావలేదు

ఇక్కడ నన్ను ఒక మాట అడగవచ్చు. యంత్రాలొస్తే రాజకీయం అయిపోయినట్టేనా? కాదు. తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బాయి దిగలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఎట్లా ఉంటుందో రాష్ట్రమంతా చూసింది. 2021 డిసెంబర్ 9 నుంచి 11 దాకా నాలుగు బొగ్గు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా అన్ని యూనియన్లూ కలిసి సమ్మె చేశాయి. యంత్రం ఆపే శక్తిని తీసేయదు. నిజానికి తక్కువ మంది చేతుల్లో ఎక్కువ బొగ్గు ఉంటే, ఒక్కో చేతికి శక్తి పెరగాలి.

అయితే ఈ రెండు సమ్మెల్లోనూ ఒక పోలిక ఉంది. రెండూ పై నుంచి పిలుపు వచ్చి జరిగినవి. ఒకటి రాష్ట్రం కోసం, ఇంకొకటి బ్లాకుల కోసం. కార్మికుడు తెలంగాణ పౌరుడిగా, కంపెనీ మనిషిగా కదిలాడు. రోజూ తాను చేసే పని గురించి, షిఫ్టులో జరిగే అన్యాయం గురించి లేచే కింది స్థాయి కదలిక పలచబడింది. అందుకే గుర్తింపు సంఘం గాలి కూడా అసెంబ్లీ గాలిని బట్టి వీస్తోంది. 2023లో శాసనసభ ఫలితాలు వచ్చిన నెల లోపే సింగరేణి ఎన్నికలు జరిగాయి. శాసనసభలో ఓడిన పార్టీ సంఘం, రెండుసార్లు గెలిచిన టీబీజీకేఎస్, పోటీలో నామమాత్రంగా మిగిలింది.

గేటు అవతలి సగం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆపే శక్తి ఇవాళ చాలావరకు పర్మినెంట్ కార్మికుల చేతుల్లో కూడా లేదు. ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టి, రాయి తీయాలి. ఓబీ అంటారు. ఆ పని ఎక్కువగా కాంట్రాక్టు సంస్థలదే. డ్రైవర్లలో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, క్యాంపుల్లో ఉంటారు. ఇక్కడి భాష రాదు, ఇక్కడ ఓటు లేదు. సొంతూర్లో ఓటు ఉన్నా ఎన్నికల రోజు అక్కడికి పోలేరు. ఇక కంపెనీ లోపలే బెల్టుల కింద బొగ్గు ఊడ్చేవాళ్లు, ఆసుపత్రి శుభ్రం చేసేవాళ్లు, సెక్యూరిటీ, వాహనాలు నడిపేవాళ్లు సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులున్నారు. వీరిలో ఆడవాళ్లు గణనీయంగా ఉన్నారు. గుర్తింపు సంఘం ఎన్నికల ఓటరు జాబితాలో వీళ్ల పేర్లు లేవు.

మూడు ప్రశ్నలు వీళ్లకు పెట్టి చూడండి. కలిసే చోటుందా? కాంట్రాక్టరు మారితే బ్యాచ్ మారుతుంది. ఆపే శక్తి ఉందా? పనినిబట్టి కొందరికి ఉంది. జవాబు చెప్పే మనిషి ఉన్నాడా? అక్కడే అసలు చిక్కు. జీతం గురించి అడిగితే కాంట్రాక్టరు కంపెనీ వైపు చూపిస్తాడు, కంపెనీ కాంట్రాక్టరు వైపు చూపిస్తుంది. కార్మికుడు ఇద్దరి మధ్య నిలబడి ఉంటాడు. అయినా 2022 సెప్టెంబర్‌లో వీళ్లు 18 రోజులు సమ్మె చేశారు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు ఇస్తున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలన్నది ప్రధాన డిమాండు. చైతన్యం లేదనే పెద్దలు ఈ 18 రోజుల్ని గుర్తుపెట్టుకోవాలి. రోజుకూలీతో బతికేవాళ్లు, బోనస్ లేనివాళ్లు, ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లు అన్ని రోజులు నిలబడ్డారు.

2024 సెప్టెంబర్‌లో లాభాల వాటా ప్రకటించారు. విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చాయి. మొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు. తలకు 5 వేలు. ఇచ్చినందుకు సంతోషించాల్సిందే. కానీ ఒకే గేటులోంచి వెళ్లి, ఒకే దుమ్ము పీల్చే ఇద్దరి మధ్య 38 రెట్ల తేడా ఉంటే, వాళ్లిద్దరూ ఒకే జెండా కింద నిలబడతారని ఎట్లా ఆశిస్తాం? కార్మిక ఐక్యత దెబ్బతిన్నదని బాధపడతాం గానీ, అది దెబ్బతిన్నది వేతన పట్టికలో, ఆ తర్వాతే మనసుల్లో.

హైదరాబాద్ రోడ్ల మీద

ఈ కథ సింగరేణి దగ్గర ఆగదు. బెల్లంపల్లి, గోదావరిఖని కాలనీల్లో పెరిగి, బాయిలో కొలువు దొరకక హైదరాబాద్ వచ్చి బైకు మీద పార్శిళ్లు మోస్తున్న కుర్రాళ్లున్నారు. వాళ్లకు మస్టర్ లేదు, మేనేజర్ గది లేదు. రేటు తగ్గించేదీ, ఐడీ బ్లాక్ చేసేదీ ఫోనులోని యాప్. అయినా హోటళ్ల ముందు ఆర్డరు కోసం ఎదురుచూసే ఆ పది నిమిషాల్లో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. తెలంగాణలో గిగ్ కార్మికుల యూనియన్ ఏర్పడింది. రాజస్థాన్ 2023లో గిగ్ కార్మికుల చట్టం చేసింది, తర్వాత కర్ణాటక చేసింది. సమ్మెతో ఆపడం కష్టమైనచోట వాళ్లు చట్టసభ గడప తొక్కుతున్నారు. అడగడానికి మనిషి దొరకనప్పుడు ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. ఇది కూడా రాజకీయమే.

ముందున్న మలుపు

2020లో పార్లమెంటు చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అన్ని సంస్థల్లోనూ సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, సగం మంది కలిసి ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుందని అది చెబుతోంది. బాయి దగ్గర అప్పటికప్పుడు 'దిగం' అనే మాటకు చట్టం ఎంత చోటు మిగిల్చిందో చూసుకోవాలి. మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికుల్లో 51 శాతం మంది మద్దతున్న సంఘం ఉంటే అదే ఏకైక చర్చల సంఘమని కూడా అందులో ఉంది. ఈ మస్టర్ ఎవరిది? కంపెనీ మస్టర్‌లో కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండదు. కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంటుంది. ఆ మస్టర్ టెండరుతో పాటు మారిపోతుంది. అంటే రేపు సింగరేణిలో గుర్తింపు పొందే ఏ సంఘమైనా, బొగ్గు బయటికి రావడానికి పనిచేసేవాళ్లలో ఒక భాగం తరఫున మాత్రమే మాట్లాడుతుంది. మిగతా భాగం మాట్లాడాలంటే రోడ్డెక్కాలి, లేదా మౌనంగా ఉండాలి. ఆ మౌనాన్ని చూసి మనం చైతన్యం లేదంటాం.

మఖ్దూం కాలంలో నిజాం రాజ్యంలో యూనియన్ నడపడమే కష్టం. గుర్తింపు కోసం ఆ తరం ఏమీ లేనిచోట నుంచి మొదలుపెట్టింది. మనకు ఆ పరిస్థితి లేదు. బ్యాలెట్ పెట్టె ఉంది, పాతికేళ్లకు పైగా దాన్ని నడిపిన అనుభవం ఉంది. చేయాల్సిందల్లా ఆ పెట్టె దగ్గరికి రానివ్వని వాళ్లను రానివ్వడం.

అందుకే ఇక్కడున్న యూనియన్ నాయకులకు నా విన్నపం ఇది. వచ్చే గుర్తింపు ఎన్నికలకు ముందు వేజ్‌బోర్డు, బదిలీలు, కారుణ్య నియామకాలతో పాటు మరొక డిమాండును మొదటి వరసలో పెట్టండి. సింగరేణి గేటులోంచి పనికి లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ, పర్మినెంట్ అయినా కాంట్రాక్టు అయినా, గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే ఓటు ఉండాలి. దానికి చట్టం అడ్డమైతే చట్టం మార్చమని అడగండి. మీ సభ్యుల్లో కొందరికి ఇది నచ్చదు. లాభాల వాటాలో భాగం పోతుందని భయపడతారు. ఆ భయం గురించి వాళ్లతో మాట్లాడే బాధ్యత కూడా మీదే. పని చేసే మనుషుల్లో కొందరికే మాట ఉన్నచోట ఆ కొందరి మాట కూడా ఎక్కువ రోజులు నిలవదు.